కొసరు లేని తూకం

చిత్తూరు బెల్లం మండీలో
ముప్పై ఒక్క ఏండ్లు కాటా పట్టినోణ్ణి.
దిమ్మె ఎత్తితే చాలు, చెప్పేస్తా,
పద్నాలుగు కేజీలు, గోతం పోను పదమూడున్నర అని.
తూకమయినాక పిడికెడు బెల్లం
పైన కొసరు వేయందే
నా చెయ్యి కిందికి దిగదు.

ఇప్పుడు నా పొద్దు
వంద మిల్లీగ్రాములతో మొదలౌతుంది.
కందిబేడంత తెల్ల మాత్ర.
దీనికి మాత్రం కొసరు లేదు.

అది మొదటిసారి వచ్చిన రాత్రి
కుడికాలి బొటనవేలికి
దుప్పటి అంచు తగిలితే కేకేసినాను.
దిమ్మె పడి విరిగిందేమో అనుకుని
తెల్లారే బస్సెక్కి పుత్తూరు పోయినా, కట్టు కట్టించుకుందామని.
కట్టు కట్టే పెద్దాయన
వేలు ముట్టకుండానే చూసి
"ఇది ఎముక సంగతి కాదు నాయనా,
నెత్తురు పరీక్ష చేయించుకో పో" అన్నాడు.
డబ్బులు తీసుకోలేదు.

యూరిక్ యాసిడ్ తొమ్మిది పాయింట్ నాలుగు.
డాక్టరమ్మ నస్రీన్ ఆ అంకె కింద గీత గీసి
"ఆరుకు కిందికి దిగాల" అంది.
మిగతాది నాకు నేనే చెప్పుకున్నా.
పాకం ముదిరితే పలుకు కడుతుంది.
కొప్పెర అంచున చూసిన పలుకే
నా కీలులో కట్టింది.

మరి మాత్ర మొదలుపెట్టినాక
నొప్పి మళ్లీ లేచిందేమి?
"పాతది కరిగేటప్పుడు అట్లనే ఉంటుంది, ఆపొద్దు."
ఆపేసినా.
పదకొండు రోజులు
వేలాయుధం షాపులో నొప్పి బిళ్లలు
వేయించిన శెనక్కాయల మాదిరి నమిలినా.
నొప్పి పోయింది.
పాదాలు ఉబ్బినాయి.
క్రియాటినిన్ అనే ఇంకో అంకె
కాగితంలో పైకి లేచి కూర్చుంది.
ఆమె తిట్టలేదు.
కాగితం నా వైపు తిప్పి
నన్నే చదవమంది.

అప్పటినుంచి
నొప్పి ఉన్నా లేకున్నా, సంగటి తిన్నాక మాత్ర,
వెనకాలే చెంబెడు నీళ్లు.
నొప్పి లేచిన పూటకు ఇంకొకటి ఉంది, కాల్చిసిన్.
పేరులోనే కాల్చడముందని నవ్వినా గానీ
చీటీలో రాసినదానికి ఒక్కటి మించితే
కడుపు కాలవై పారుతుంది,
ఇంకా మించితే ప్రాణానికే చేటు.
పంటి డాక్టరు దగ్గరికి పోయినా
ముందు నా మందుల సంచి
ఆయన బల్ల మీద కుమ్మరిస్తా.

ఒంటి మీద దద్దుర్లు లేస్తే
మాత్ర ఆపి ఆ పూటే రమ్మన్నారు.
మూణ్ణెల్లు రోజూ రాత్రి
కుప్పమ్మ బల్బు కింద నా వీపు వెతికింది.
"ఇరవై ఆరేండ్ల కాపురంలో
నీ వీపు ఇంత బాగా ఎప్పుడు చూసినా?" అని
మచ్చ లేని చోట గిల్లి పోయేది.

మొన్న హమాలీ దొరసామి
కుంటుకుంటా వచ్చినాడు.
వేలు మదనపల్లి టమాటా మాదిరి ఉంది.
"అన్నా, నీ బిళ్లలు రెండియ్యి."
చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది,
కొసరు వేసే చెయ్యి కదా.
అట్ట తగిలినాక ఆగింది.
"ఇయ్యను."
వాని మొహం మాడిపోయింది.
రెండు బిళ్లలకు పిసినారినైనానని
వాడు అనుకుంటాడని తెలుసు.
వాని కిడ్నీ లెక్క నాకేం తెలుసు?
వాడు మింగే బీపీ మాత్ర ఏదో
వానికే తెలియదు.
ఆటో ఎక్కించి ల్యాబుకు తోడుకోని పోయినా.
సూది గుచ్చేటప్పుడు భుజం పట్టుకున్నా.
పోను రాను ఒక్క మాట లేదు.

నిన్న నాది ఐదు పాయింట్ ఎనిమిది.
ఇంక మానెయ్యచ్చా అని అడిగితే
"తూకం సరిపోయిందని
రాయి తీసేస్తావా?" అంది నస్రీనమ్మ.
కాటా పట్టినోణ్ణి, ఏం చెప్పేది?
చీటీ మడిచి జేబులో పెట్టుకున్నా.

ఈ పొద్దున దొరసామి
దిమ్మె తెచ్చి కాటా మీద దించినాడు.
నా మొహం చూడలేదు.
ముల్లు ఊగి ఊగి నిలబడే దాకా ఉండి
"ఎనిమిదిన్నర" అన్నాడు.
బెల్లం గురించి కాదు.